అర టాంకీ

నా బండి ముల్లు
ఏడాదిగా సగం దగ్గరే కూర్చుంది.
నిండా పోయించినా సగం,
ఎండిపోయినా సగం.
గుంతలో పడితే ఒక్కసారి ఉలిక్కిపడి
నిండు దాకా లేస్తుంది,
మళ్ళీ తన చోటికొచ్చి కూలబడుతుంది
మధ్యాహ్నం పూట మా ఆఫీసు అటెండర్ లాగా.

పక్కనే వేగం చెప్పే ముల్లు.
దాని సంగతి వేరు. కాలు కింద పెట్టి నిలబడ్డా
గంటకు ఇరవై అంటుంది.
ప్యాట్నీ సెంటర్‌లో ఎర్రలైటు కింద
కదలకుండా ఇరవై మీద పోతూ ఉంటాను.
ఇంజిన్ వేడి అడక్కండి,
జనవరి తెల్లారుజామున కూడా ఎర్రగీత మీదే.
కిలోమీటర్లయితే
నలభై ఒక్క వేల ఎనిమిది వందల అరవై రెండు దగ్గర ఆగిపోయాయి.
ఆ తర్వాత నేను చూసిన బీదరు, జోడేఘాట్, సోమశిల
దాని లెక్కలో లేవు.

నా ఉద్యోగం తూనికలు కొలతల శాఖలో.
నవ్వండి, అందరూ నవ్వారు.
బంకుల్లో అయిదు లీటర్ల కొలపాత్ర నింపించి
నురుగు తగ్గేదాకా వంగి చూస్తాను.
ఇరవై అయిదు మిల్లీలీటర్లు దాటి తగ్గితే
పంపు మూయిస్తాను.
బయటికొచ్చి
ఈ అబద్ధం ఎక్కి ఇంటికి పోతాను.

రాణిగంజ్‌లో ఫసీ భాయ్ మూడుసార్లు విప్పాడు.
ఫ్లోటు మార్చాడు, వైరు మార్చాడు,
నాలుగోసారి విప్పలేదు.
టీ తెప్పించి, సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ అన్నాడు:
"కాంటేకు ఛోడో ఆపా, టంకీ కీ సునో."

అప్పటి నుంచి వింటున్నాను.
రెండు కాళ్ళ మధ్య బండిని అటూ ఇటూ ఊపితే,
నిండుగా ఉన్నప్పుడు మూగది.
సగానికొస్తే చంకలో బిందె.
అడుక్కొస్తే
సీసాలో మిగిలిన దగ్గుమందు.
వేగానికి గాలినే అడుగుతాను:
హెల్మెట్ పట్టీ చెంప మీద కొట్టడం మొదలైతే అరవై,
అద్దాల్లో వెనకటి లారీ రెండైతే ఎనభై,
నాకే భయమేస్తే తొంభై.

మొన్న ఆదివారం రాత్రి
సిద్దిపేట వైపు నుంచి వస్తుంటే వాన.
ఆ చప్పుడులో టాంకీ మాట వినబడలేదు.
తూంకుంట దగ్గర
ఇంజిన్ రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది.
ముల్లు చూస్తే సగం.
రెండు వందల కిలోల ఇనుమును తోసుకుంటూ
బురదలో
గంటకు ఇరవై మీద నడిచాను.

సగం దించిన షట్టర్ కింద వెలుతురు.
వంగి చూసిన ముఖం మల్లారం రాజేశంది.
మూడు రోజుల కిందే
అతని తరాజు పళ్ళెం అడుగున
అంటించిన చింతపండు ముద్ద గోటితో గీకి తీసి
కేసు రాసింది నేను.
తరాజు ఇంకా మా బీరువాలోనే ఉంది.

అతను నన్ను చూశాడు, బండిని చూశాడు,
నీళ్ళు కారుతున్న నా చేతి గ్లవుజులు చూశాడు.
ఏమీ అనకుండా తన ఎక్సెల్ బండి పైపు లాగి
మంచినీళ్ళ సీసాలోకి పట్టాడు.
మెడ దాకా. ఆ పైన ఇంకో నాలుగు చుక్కలు.
"లీటరు నిండ ఉంది మేడం. కొల్సుకోరి."

సీసాను బల్బు వైపు ఎత్తబోయి
చెయ్యి మధ్యలోనే దించేశాను.
ఎక్కువిస్తే తీసుకోలేదు.
తనకు రావాల్సింది లెక్కగట్టి ఉంచుకుని
పది రూపాయల నోటు, మిగతా రెండు రూపాయలకు
రెండు చాక్లెట్లు చేతిలో పెట్టాడు.

పోసి, ఊపి, విన్నాను.
దగ్గుమందు.
నా మైలేజీ నాకు తెలుసు.
అతని లీటరు లీటరే అయితే
రామంతాపూర్ దాకా వస్తుంది, అంతకు మించి రాదు.
ముల్లు ఒక్కసారి నిండు దాకా లేచి కూర్చుంది.

అల్వాల్‌లో బంకు తెరిచే ఉంది,
కుర్చీలో కుర్రాడు నన్ను చూసి లేచి
పైపు అందుకున్నాడు కూడా.
బుగ్గన చాక్లెట్ సగం కరిగింది.
చెంప మీద పట్టీ
కొట్టడం మొదలుపెట్టింది.